దివాణంలో పనసపండు

మా నాన్న, మా మేనమామ ఒకరింట్లో ఒకరు మెతుకు ముట్టక చాలా ఏళ్ళయింది. నా పెళ్ళి భోజనాల దగ్గర మొదలైన తగువు కాబట్టి అందులో నాకూ ఓ వాటా ఉందనే అనుకుంటాను. పెళ్ళిలో చదివించిన స్టీలు బిందెలు ఎప్పుడో సొట్టలు పోయాయి గానీ ఈ తగువు మాత్రం చెక్కు చెదరలేదు.

సంగతి ఇదీ. మా ఉద్దానం ఊళ్ళలో పెళ్ళి భోజనాలకి ఓ పద్ధతి ఉంది. మొదటి బంతిలో పెద్దవాళ్ళు కూర్చుంటారు. పప్పూ నెయ్యీ దాకా వడ్డన అయిపోయినా ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టరు. ఇంటి యజమాని వచ్చి, చేతులు జోడించి, "కానియ్యండి" అనాలి. అందులోనూ ఇంటావిడ అన్నదమ్ములు బంతిలో ఉంటే వాళ్ళ విస్తరి ముందు ప్రత్యేకంగా ఆగి, "కానియ్యి బావా" అనాలి. ఆ మాట లేకుండా తింటే అది పిలవని పేరంటమేనని మా మావ లెక్క.

నా పెళ్ళిలో నన్ను గంపలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకొచ్చింది మావే. అప్పటికి నేనేం తమలపాకు మీద తూగే పిల్లని కాదు. మధ్యాహ్నం మొదటి బంతి కూర్చుంది. నాన్న చేతులు జోడించుకుని వరస మొదటి నుంచీ "కానియ్యండి, కానియ్యండి" అంటూ వచ్చాడు. మావ విస్తరి దగ్గర ఆగాడు. మావ వైపు చూశాడు. ఏమీ అనకుండా తిరిగి పందిరి వెనక్కి వెళ్ళిపోయాడు. సరిగ్గా ఆ సమయానికే రోడ్డు మీద మండలం నాయకుడి కారు ఆగింది. ఇంకేముంది, నాయకుడొచ్చాడని బావమరిదిని గాలికొదిలేసి పరిగెత్తాడని పందిరంతా గుప్పుమంది.

మావ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పక్కవాళ్ళకి చారు కూడా వచ్చింది. చివరికి లేచి, తడైనా అంటని చేతిని అందరూ చూసేలా కడుక్కుని వెళ్ళిపోయాడు.

"పిలిసి, కానియ్యమననోడి మెతుకు నాకొద్దు" అన్నాడట మావ, జలంత్రకోట పక్కనున్న వాళ్ళ ఊరు చేరాక.

"ఇస్తరి ముందు నుంచి లెగిసిపోనోడింట్లో నాను మంచినీల్లు కూడా ముట్టను" అన్నాడు నాన్న, పూండి దగ్గర మా ఊళ్ళో ఉండి. ఇద్దరూ ఇద్దరే. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇద్దరూ అంటారు, కాకపోతే ఏ కాలు లేదో అక్కడ పేచీ.

మధ్యలో నలిగింది అమ్మ. ఒక్కగానొక్క అన్న. రైలెక్కితే కబుర్లు పూర్తికాకుండానే వచ్చే పుట్టిల్లు. అయినా నాన్న రాడు కాబట్టి అమ్మ వెళ్ళదు, మావ రాడు కాబట్టి అత్త కూడా రాదు. పనస పళ్ళ కాలంలో మాత్రం అటువైపు నుంచి వచ్చే ప్రతి వ్యానునీ అమ్మ వీధిలోకి వచ్చి చూసేది.

ఈ వేసవిలో చెల్లి పెళ్ళి కుదిరింది. కుర్రాడు మంచివాడు, వాళ్ళకీ కొబ్బరితోటలే, మాటామంతీ అంతా సవ్యంగా జరిగింది. ముహూర్తం పెట్టుకుని వచ్చిన సాయంత్రం అమ్మ వంటింట్లో కూర్చుని ఒకటే మాట.

"గంప ఎవులు మోస్తారే?"

"ఎవరో ఒకర్ని చూద్దాంలే అమ్మా. పిన్ని వాళ్ళ తమ్ముడున్నాడు కదా."

"ఎవులో ఒకల సేత మోయించీడానికి అది కొబ్బరికాయల గంపేటి? పిల్ల. నా అన్నియ్య మొయ్యాల. నేపోతే ఈ పెల్లిలో నాకు పుట్టిల్లు నేదని ఊరందరికీ సాటించినట్టే."

అమ్మ ఏడిస్తే నాకు కోపం వస్తుంది. అమ్మ మీద కాదు, ఏడిపించినవాళ్ళ మీద. పలాసలో బడిపిల్లల్ని అదుపులో పెట్టే ఉద్యోగం నాది, ఈ ఇద్దరు ముసలి పిల్లల్ని ఓ దారికి తేలేనా అనిపించింది. మావ నోటితో "గంప మోస్తాను" అనిపిస్తానని అమ్మకి మాటిచ్చేశాను. ఎలాగో మాత్రం అప్పటికి నాకూ తెలీదు.

ఉపాయం ఆ వారంలోనే తట్టింది. టెక్కలి దాటాక హైవే నుంచి కొంచెం లోపలికి ఓ పాత దివాణం బంగళా ఉంది. జమీందార్లు పోయాక కొన్నాళ్ళు ఏదో ఆఫీసు, కొన్నాళ్ళు ధాన్యం గోదాము, ఆ తర్వాత గబ్బిలాలు. ఈ మధ్య ఎవరో కొనుక్కుని, పైకప్పు బాగు చేయించి, టేకు దూలాలకి నూనె పట్టించి, పెద్ద హోటలు పెట్టారు. మా స్టాఫ్‌రూములో దాని గురించే కబుర్లు. వైజాగ్ నుంచి కార్లేసుకుని వస్తున్నారట, ముందుగా ఫోన్ చేస్తే గాని టేబుల్ ఉండదట, నీళ్ళు తెచ్చేవాడికి కూడా తలపాగా ఉంటుందట.

నాన్న ఇంట్లో మావ తినడు. మావ ఇంట్లో నాన్న తినడు. హోటలు ఇద్దరిదీ కాదు. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదో.

మావకి ఫోన్ చేశాను.

"మీ ఇంటికైతే నాను రాను కోడలా, ముందే సెప్తన్నాను."

"మా ఇంటికి కాదు మావా, హోటలుకి."

"ఓటల్లో ఎవులి కూడు ఎవులిదీ కాదు. అలగైతే వొత్తాను. మీ నాన్నుంతాడేటి?"

"ఉంటాడు. నీ ప్లేటులో నువ్వు తిను, ఆయన ప్లేటులో ఆయన తింటాడు. చెల్లి పెళ్ళి గురించి మాట్లాడేది నేను."

నాన్న ఇంకో రకం మెలిక పెట్టాడు. ఆడపిల్ల సొమ్ము తినడమేమిటన్నాడు. ఈ విందు నీ అల్లుడు ఇస్తున్నాడు, ఆయనకి డ్యూటీ ఉండి రాలేకపోతున్నాడు అన్నాను. అల్లుడి మాట కాదనలేక తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే అమ్మనీ నాన్ననీ కారెక్కించుకుని బయల్దేరాను. దారిలో రావివలస ఎండల మల్లన్న దగ్గర మొదటి శుభలేఖ పెట్టాం. నెత్తిన కప్పు లేకుండా అంత ఎండలోనూ చల్లగా కూర్చునే దేవుడు. అమ్మ ఆయనకి చాలాసేపు దండం పెట్టుకుంది. ఏం కోరుకుందో అడగక్కర్లేదు.

బంగళా ముందు కారు దిగేసరికి మెట్ల దగ్గర చిన్న గలాటా జరుగుతోంది. కోటు వేసుకున్న మేనేజరు, తలపాగా పెట్టుకున్న దర్వాను, వాళ్ళిద్దరికీ మధ్య మా మావ. మావ పక్కన గోనెసంచి. సంచిలో పనసపండు. చిన్నా చితకా పండు కాదు, దూడంత పండు. పండిన వాసన మామిడిచెట్ల దాకా కొడుతోంది.

"సర్, బయటి ఫుడ్ అలౌ చెయ్యం సర్" అంటున్నాడు మేనేజరు మర్యాదగా.

"ఇది పుడ్డు కాదు బాబూ, మా తోటలో పండు. మీకే తెచ్చినాను."

"మాకా సర్? ఎందుకు సర్?"

మావ అతన్ని జాలిగా చూశాడు. "తొలిసారి ఒకలింటికి ఎల్తన్నప్పుడు సేతులూపుకుంటూ ఎల్తారేటి ఎవులైనా?"

నేను నవ్వాపుకోలేక డిక్కీ వైపు తిరిగాను. తీరా చూస్తే నాన్న డిక్కీలోంచి కొబ్బరిబొండాల గెల దింపుతున్నాడు. అది ఎప్పుడు ఎక్కించాడో నాకు తెలీదు. హోటలువాళ్ళకేనట. బావా బావమరుదులు మాట్లాడుకోకుండానే ఒకే ఆలోచన చేశారు. ఒకరి కానుక ఒకరు ఓరకంట చూసుకున్నారు. పండు పెద్దదని మావ మొహంలో కొంచెం వెలుగు కనిపించింది.

పాపం మేనేజరు మంచివాడు. వాదించి లాభం లేదని, పండునీ గెలనీ లోపల రిసెప్షన్ బల్ల వెనక పెట్టించాడు. ఈలోగా మావా నాన్నా చెప్పులు మెట్ల దగ్గర విప్పేశారు. వద్దు సర్, చెప్పులతోనే రండి అని దర్వాను బతిమాలాడు. "మా తాత ఈ మెట్ల దాకా వొచ్చి శిస్తు కట్టి ఎల్లిపోనోడు, పైకెక్కనేదు. నాను సెప్పుల్తో ఎక్కితే బాగుంతాదేటి?" అన్నాడు నాన్న. తాతగారు ఎక్కకపోవడానికీ, ఈయన చెప్పులు విప్పడానికీ లంకె ఏమిటో నాకైతే అర్థం కాలేదు. మావకి మాత్రం అయినట్టుంది, నాన్న వైపు కాకుండా తలుపు వైపు చూస్తూ తలాడించాడు.

లోపల హాలు చూస్తే కళ్ళు తిరిగాయి. ఎత్తయిన కప్పు, రంగురంగుల గాజు పలకలున్న కిటికీలు, గోడకి దుప్పి కొమ్ములు, ఓ మూల పాత పల్లకీ. దాని మీద 'దయచేసి ముట్టుకోవద్దు' అని బోర్డు. అమ్మ బోర్డు చదవకముందే ముట్టుకుంది. ఏసీ చల్లదనానికి కాళ్ళు గడ్డకడుతున్నాయని నాన్న కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా మావ, మధ్యలో అమ్మ, అమ్మకి ఎదురుగా నేను. ప్లేటు మీద బాతులా మడిచి పెట్టిన తెల్లగుడ్డని నాన్న విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. అదే క్షణంలో మావ కూడా అదే పని చేశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మొహాలు పక్కకి తిప్పుకున్నారు, కండువాలు మాత్రం తియ్యలేదు.

ముందుగా వెల్‌కం డ్రింక్ వచ్చింది. గ్లాసులో కొబ్బరినీళ్ళు, అంచుకి కాగితం గొడుగు. నాన్న గొడుగు తీసి అమ్మకిచ్చాడు, చెల్లికి చూపిద్దామని అమ్మ దాన్ని పర్సులో పెట్టుకుంది.

మెనూలో 'ఉద్దానం హెరిటేజ్ థాలీ' అని కొట్టొచ్చినట్టు రాసుంది. గట్టిగా చదివాను. పనసపొట్టు కూర, ములక్కాడ జీడిపప్పు, కొబ్బరన్నం, రొయ్యల ఇగురు, ఉలవచారు.

"ఇవన్నీ మనింట్లో నేవేటి? ఇంత దూరం వొచ్చి ఇవే తింతామా?" అన్నాడు నాన్న.

మావ అమ్మ వైపు తిరిగాడు. "సెల్లీ, మీ ఆయనకి సెప్పు. మనింట్లో ఉన్నాయి గాని మనింట్లో తినడానికి నేదు గదా, అందుకే ఇక్కడికొచ్చినాం."

"మీ అన్నకి సెప్పు. తినొద్దని నాను సెప్పనేదు."

"మీ ఆయనకి సెప్పు. తినమని కూడా సెప్పనేదు."

అమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఉన్న చోటే ఉండి ఇద్దరి మాటా ఇద్దరికీ వినిపిస్తుంటే ఇంక చెప్పడానికేముంది? అందరికీ అదే థాలీ చెప్పేశాను.

థాలీ వచ్చింది. ఇత్తడి పళ్ళెంలో గుండ్రంగా కత్తిరించిన అరిటాకు, చుట్టూ బుల్లి బుల్లి గిన్నెలు. పనసపొట్టు కూరలో ఆవపెట్టిన ఘాటు ముక్కుకి తగిలింది. నాకు ఆకలి దంచేస్తోంది. తీరా చూస్తే మావ చేతులు మోకాళ్ళ మీదున్నాయి.

ఆ చేతుల్ని నేను ఒకసారి చూశాను. ఎక్కడ చూశానో నాకు బాగా గుర్తు. హోటలు ఎవరిదీ కాదని సంబరపడ్డాను గానీ, ఎవరిదీ కాని చోట "కానియ్యండి" అని ఎవరంటారో ఆలోచించలేదు. అదీ నా తెలివి.

తలపాగా కుర్రాడు వినయంగా వంగి, "ఎంజాయ్ యువర్ మీల్ సర్" అన్నాడు. మావ అతనికి నమస్కారం పెట్టాడు. చెయ్యి మళ్ళీ మోకాలి మీదికే వెళ్ళింది.

"కానియ్యి మావా" అన్నాను నేను.

"పెద్దోలుండగా పిల్లలు సెప్పకూడదు కోడలా" అన్నాడు మావ మెత్తగా.

"తిను అన్నియ్యా, సల్లారిపోతంది" అంది అమ్మ.

"నువ్వు నా సెల్లివి. నువ్వు సెప్తే అది మనింటి కూడే. నాను తింతాను. ఆలు ఉన్నారు గదా, ఆలేటి అంతారో?"

ఆలు, అంటే వాళ్ళు. వాళ్ళేమీ అనలేదు. నాన్న పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాడు. మావ తినకుండా తాను తింటే ఇంకో తగువు, కాబట్టి తాను కూడా తినలేదు. ఒక్క మాట. ఒక్క మాట నాన్న నోట్లోంచి వస్తే అమ్మకి పుట్టిల్లు వస్తుంది, చెల్లికి గంప వస్తుంది, నాకు అన్నం వస్తుంది. బల్ల కింద నుంచి నాన్న కాలు తన్నాను. ఆయన నా వైపు చూశాడు గానీ నోరు తెరవలేదు. ఇంత మొండితనం ఏమిటని నాకు నిజంగా ఒళ్ళు మండింది.

మేనేజరు వచ్చాడు. "సర్, ఎనీ ప్రాబ్లం? టేస్టు నచ్చలేదా?" ఎవరూ ఇంకా రుచి చూడనేలేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. కాసేపటికి వంటాయన కూడా తెల్లటోపీతో వచ్చి దూరం నుంచి మమ్మల్ని చూసి వెళ్ళాడు. పాపం ఆయన ఏం తప్పు చేశానో అనుకునే ఉంటాడు.

మమ్మల్ని ఆదుకున్నది పనసపండు. ముగ్గిన పండు, మూసిన తలుపులు, ఏసీ. వాసన హాలంతా కమ్మేసింది. పక్క టేబుల్లో వైజాగ్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఇదేం స్వీటు, మాకూ తెమ్మని అడిగారు. వాళ్ళ వెనక టేబులాయన మాత్రం ముక్కు మూసుకున్నాడు. మేనేజరు మళ్ళీ వచ్చాడు.

"సర్, ఏమనుకోకండి. మీ ఫ్రూట్... కొంచెం వరండాలో పెట్టించమంటారా?"

కుర్చీలోంచి లేవడానికి సాకు దొరికినందుకు మావ మొహం వికసించింది. "పెట్టడమెందుకు బాబూ, కోసీద్దాం. అడిగినోలకి పెట్టకపోతే పాపం. కత్తి, కొబ్బరినూనె తే."

వెనక వరండాలో మేనేజరు పాత పేపర్లు పరిపించాడు. కొబ్బరినూనె లేదట, ఆలివ్ ఆయిల్ సీసా తెచ్చారు. మావ దాన్ని వాసన చూసి, పెదవి విరిచి, కత్తికీ చేతులకీ రాసుకున్నాడు. లుంగీ అయితే పైకి కట్టేవాడే, పంచె కాబట్టి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దూడంత పండుని ఒక్కడూ కొయ్యడం అయ్యే పని కాదు. కత్తి దిగగానే పండు ఒరిగింది, పాలు కారి పేపరంతా జిగురైంది.

నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పండు రెండోసారి ఒరిగేసరికి ఆయనకి ఆగలేదు. పనస కొయ్యడం వంకరపోతే చూస్తూ ఊరుకునే రకం కాదు మా నాన్న. ఒక్క ఉదుటున వచ్చి ఎదురుగా కూర్చుని, చేతులకి నూనె రాసుకుని, పండుని రెండు చేతులతో ఒడిసిపట్టాడు. మావ తలెత్తలేదు. కత్తి మాత్రం సూటిగా దిగింది.

తర్వాత ఇద్దరూ పని చేస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మావ నిలువునా చీలిస్తే నాన్న విడదీశాడు. నాన్న నడుమ కాడ పట్టుకుంటే మావ కోసి అవతల పారేశాడు. ఒకరు ఎక్కడ పట్టాలో ఇంకొకరు చెప్పక్కర్లేదు. అమ్మ పెళ్ళయిన కొత్తలో వేసవంతా ఇద్దరూ మావ తోటలో ఇలాగే పళ్ళు కోసేవారని అమ్మ నా చెవిలో చెప్పింది. నేను పుట్టకముందు సంగతి.

తొనలు తీసి మావ అరిటాకుల్లో పంచాడు. వైజాగ్ ఆడవాళ్ళకి, తలపాగాలకి, మేనేజరుకి, ముక్కు మూసుకున్నాయనకి కూడా. అమ్మకీ నాకూ పెట్టాడు. చివరికి ఓ ఆకు తీసుకుని, మంచి తొనలు ఏరి పెట్టి, నాన్న ముందు ఉంచాడు.

పండు మావది. కోసింది మావ. వడ్డించింది మావ. ఆ వరండాలో ఇప్పుడు ఇంటాయన మావే. నాన్న చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి.

మావ కత్తి పక్కన పెట్టాడు. భుజాన ఉన్న హోటలు గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"కానియ్యి బావా" అన్నాడు.

నాన్న తొన తీసుకోలేదు. తల వంచుకుని ఆకుని చూస్తూ అన్నాడు, "ఆ రోజు నాను నాయకుడి కోసం పోనేదు బావా."

"మరేటి?"

"నీ ఇస్తరి కాడికొచ్చీసరికి నీ బుజం కనిపించింది. గంప ఒరుసుకుని ఎర్రగా గీరుకుపోయుంది. ఆ గంపలోనే గదా నా పిల్ల ఎల్లిపోనాది అనిపించీసింది. గొంతు పట్టీసింది. నోరిప్పితే మాట రాదు, ఏడుపొచ్చీత్తాది. కొబ్బరిమట్టల ఎనక్కి పోయి కూసున్నాను. తిరిగొచ్చీసరికి నువ్వు నేవు."

మావ చెయ్యి తన భుజం మీదికి వెళ్ళింది. "ఈ మాట ఆ రోజే సెప్తే పోయీది గదా!"

"ఏటని సెప్పమంతావు? పిల్ల పెల్లిలో మట్టల సాటున ఏడిసినానని ఊరంతా సెప్పుకోడానికా? నాయకుడి కోసం పోనాడంతే అదే నయమనుకున్నాను."

"నీకు నయం. నాను పస్తు గదా!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నా పెళ్ళిలో అమ్మ ఏడ్చింది, అత్త ఏడ్చింది, ఫొటోగ్రాఫరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నాన్న కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయని, నన్ను పంపించడం ఆయనకి పెద్ద లెక్కలోది కాదని నేను ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు గానీ పెట్టుకున్నాను. కొబ్బరిమట్టల వెనక నా కోసం ఒక మనిషి ఏడుస్తుంటే నేను పందిట్లో నగలు సవరించుకుంటూ కూర్చున్నానన్నమాట.

అమ్మకి మాత్రం నవ్వు రాలేదు. నేనెప్పుడూ వినని గొంతుతో అరిచింది. "ఒకలు ఏడుపు దాసుకున్నారు, ఒకలు ఆకలి దాసుకున్నారు. మధ్యన నా పుట్టిల్లు నాకు నేకుండా సేసీసినారు. ఇద్దరికీ బుద్ది నేదు!"

వరండాలో అందరూ తొనలు తినడం ఆపేశారు. బావా బావమరుదులు బడిలో దొరికిపోయిన పిల్లల్లా తలలు దించుకున్నారు. అప్పుడు నాన్న గబుక్కున ఒక తొన తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలి, "తియ్యగుంది బావా" అన్నాడు. "ఆ మూల సెట్టుదేనా?"

"ఆ సెట్టుదే. నువ్వు పాతిందే." మావ ఇంకో తొన ఏరి ఆకులో వేశాడు.

మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి మేనేజరు పళ్ళేలన్నీ తీయించి వేడివేడిగా కొత్తవి పెట్టించాడు. నాన్న కుర్చీలో కూర్చోకుండా మావ పళ్ళెం ముందు నిలబడి, చేతులు జోడించి, హాలంతా వినిపించేలా "కానియ్యి బావా" అన్నాడు. పక్క టేబుళ్ళవాళ్ళు తిరిగి చూశారు. మావ మొదటి ముద్ద పనసపొట్టు కూరతోనే కలిపాడు. ఆవ ఎక్కువైందని ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

చేతులు కడుక్కునే గిన్నెలో నిమ్మచెక్క వేసి తెస్తే, అందులో వేళ్ళు ముంచుతూ మావ యథాలాపంగా అమ్మతో అన్నాడు. "గంప కొత్తది అల్లించాల సెల్లీ. అటక మీదున్నది సెద పట్టీసింది."

అమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తలాడించింది. నేను కిటికీ రంగు గాజుల వైపు చూస్తూ కూర్చున్నాను. మాట నిలబెట్టింది నేను కాదు, పండు. అయినా పేరు నాకే వచ్చింది, కాదనలేదు.

ఆ తర్వాతి నెలలో పెళ్ళి బాగా జరిగింది. మావ గంప మోశాడు. చెల్లి నాకన్నా బరువేనని పీటల మీద దించగానే అందరికీ చెప్పాడు. మధ్యాహ్నం మొదటి బంతి కూర్చుంది. నేను నెయ్యి గిన్నె పట్టుకుని వరస చివర నిలబడ్డాను.

నాన్న చేతులు జోడించుకుని, ఈసారి ఎవరి దగ్గరా ఆగకుండా, ముందుగా మావ విస్తరి దగ్గరికే వచ్చాడు. మావ చొక్కా లేని భుజం మీద గంప గీరిన ఎర్రటి చార అలాగే ఉంది. నాన్న దాన్ని చూశాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు. వరసంతా విస్తళ్ళ ముందు చేతులు ఆపుకుని ఎదురుచూస్తోంది. వంటింటి గుమ్మంలో అమ్మ కొయ్యబారిపోయింది.

మావ తలెత్తి నాన్న మొహంలోకి చూశాడు. ఇంక దేనికీ ఆగలేదు. అన్నంలో పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నములుతూనే బంతి వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

"మా బావ సెప్పినాడు. కానియ్యండి."

అందరూ తినడం మొదలుపెట్టారు. నాన్న పందిరి వెనక్కి, కొబ్బరిమట్టల వైపు నడిచాడు. నేను నెయ్యి గిన్నె పక్కన పెట్టి ఆయన వెనకే వెళ్ళాను.